ఓడితే ఉడుక్కునే పిల్లాడు, దూరమవుతున్న నేస్తాలు

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు, ఒకటో తరగతి. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఆటలో ఓడిపోతే బోర్డు విసిరేస్తాడు, ఎదుటివాణ్ని తోసేస్తాడు. "వీడు ఉడుకుమోతు, వద్దు" అంటూ కింద సెల్లార్‌లో ఆడుకునే పిల్లలు వీణ్ని రానివ్వడం లేదు. పోయిన నెల పక్క ఫ్లాట్‌వాళ్లు పుట్టినరోజుకు పిల్లలందర్నీ పిలిచి మావాణ్ని పిలవలేదు. మావారు గట్టిగా అరుస్తారు. అత్తగారేమో వాడు ఏడుపు మొదలెట్టగానే ఫోన్ చేతికిస్తారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. సోషల్ స్కిల్స్ క్లాసులో చేర్చమంటారా?

జవాబు:

క్లాసు సంగతి ముందే చెప్పేస్తాను. ఇప్పుడే వద్దు. ఎందుకు వద్దో చెప్పడానికే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను. పిల్లల మానసిక నిపుణురాలిగా ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. అంతకుముందు మూడేళ్లు ఎల్‌కేజీ టీచర్ని. మీరు అడిగినలాంటిది వారానికి ఒకటైనా నా దగ్గరికి వస్తుంది. పిల్లాడు మారతాడు, ఆట మారుతుంది, మిగతాదంతా అదే.

ఈ రాత్రి పడుకునే ముందు వాణ్ని మామూలుగా అడిగి చూడండి. "ఓడిపోతే ఎదుటివాణ్ని తొయ్యొచ్చా నాన్నా?" అంటే "తొయ్యకూడదు" అంటాడు. "మరేం చెయ్యాలి?" అంటే "మళ్లీ ఆడాలి" అనో "కంగ్రాట్స్ చెప్పాలి" అనో అంటాడు. మీకంటే బాగా చెప్తాడు కూడా. అంటే వాడికి తెలియక కాదు. క్లాసులో చెప్పేది కూడా ఇదే కదా! తెలిసిన సంగతి అవసరమైన క్షణంలో గుర్తుకు రాకపోవడమే వాడి ఇబ్బంది. ఓడిపోవడానికీ చెయ్యి లేవడానికీ మధ్య రెండు మూడు క్షణాలే ఉంటాయి. ఆ కాస్త వ్యవధిలో ఆగి ఆలోచించే పని మెదడు ముందుభాగానిది. అది పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటి మరికొన్నేళ్లు పడుతుంది. ఆరేళ్లవాడికి అది అప్పుడప్పుడూ పనిచేస్తుంది, ఆకలేసినప్పుడూ నిద్ర చాలనప్పుడూ అసలు పనిచేయదు. అందుకే స్కూలు నుంచి వచ్చిన గంటలో జరిగే గొడవలే ఎక్కువ. మీ ఇంట్లో కూడా ఒకసారి టైము గమనించండి.

మరి ఆ రెండు మూడు క్షణాలు ఎలా సాగుతాయి? నా అనుభవంలో దీనికి జవాబు సెల్లార్‌లో దొరకదు, ఇంట్లో దొరుకుతుంది. వాడికి ఉక్రోషం వచ్చినప్పుడు పెద్దవాళ్లు వాడితో ఎలా ఉంటారో, తోటివాళ్లతో వాడు కొంచెం అటూ ఇటూగా అలాగే ఉంటాడు.

ఒక సంఘటన చెప్తాను. నా గదిలో చాప మీద అష్టాచెమ్మా ముగ్గు ఎప్పుడూ గీసి ఉంటుంది. బొమ్మలకంటే దాంతోనే నాకు పిల్లలు త్వరగా అర్థమవుతారు. ఆ రోజు వచ్చిన అబ్బాయికి ఆరేళ్లు దాటి కొన్ని నెలలు. అమ్మా నాన్నా గోడ పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడి చెమ్మ వచ్చినప్పుడల్లా వాడు ఎగిరి గంతేస్తున్నాడు. వాడి కాయ ఒకటి లోపలి గళ్లలోకి వెళ్లింది, ఇంకో రెండు గళ్లు నడిస్తే పండుతుంది. సరిగ్గా అప్పుడు నాకు మూడు పడింది, వాడి కాయ చచ్చింది.

ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ఊపిరి పైపైన ఆడటం మొదలైంది. చెయ్యి చటుక్కున వచ్చి చచ్చిన కాయను పట్టుకుని పిడికిలి బిగించింది. ఇదంతా ఒక్క క్షణంలో.

కుర్చీలోంచి నాన్న అన్నాడు, "ఆటే కదరా, దానికేడుపెందుకు? మగపిల్లాడివై ఉండి!" అదే సమయానికి అమ్మ, "పోనీలెండి మేడమ్, వాడి కాయ అక్కడే ఉంచెయ్యండి" అంది.

ఇద్దరిదీ ప్రేమే. కానీ పిల్లాడి చెవికి వినిపించిందేమిటి? నాన్న మాటలో, "నీకు కలిగిన బాధ అసలు బాధే కాదు." అమ్మ మాటలో, "నీ బాధ ఎంత పెద్దదంటే దానికోసం ఆట రూలే మార్చెయ్యాలి." ఉక్రోషం వచ్చి, కాసేపుండి, దానంతటదే దిగిపోతుందన్న అనుభవం రెండింటిలోనూ వాడికి దక్కలేదు.

నేను కాయ అడగలేదు. "పండబోయే కాయ చచ్చింది. అబ్బా, ఎంత ఉడుకొచ్చిందో!" అన్నాను. "మీరు తొండి" అన్నాడు. "తొండి కాదు, మూడే పడింది. ఉడుకు మాత్రం నిజమే" అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. గవ్వలు కింద పెట్టి కూర్చున్నాను. నలభై సెకన్లు పట్టిందేమో, గదిలో అంతసేపు నిశ్శబ్దం అంటే తల్లిదండ్రులకు చాలా కష్టం. తల్లి రెండుసార్లు ఏదో అనబోయింది, చేత్తో వారించాను. వాడే పిడికిలి విప్పి కాయను తన మొదటి గడిలో పెట్టాడు. "నా వంతేనా?" అన్నాడు. "కాదు, చంపినవాళ్లకు ఇంకో పందెం ఉంటుంది, నాదే" అన్నాను. ఒక్కసారి మొహం ముడుచుకుని, "సరే వెయ్యండి" అన్నాడు.

నేర్పడమంటే నా దృష్టిలో ఇదే. నలభై సెకన్లు. అలాంటివి కొన్ని వందలు.

దీని వెనకాల ఉన్న పరిశోధన కాస్త చెప్పాలి, ఎందుకంటే మీవారు "ఇవన్నీ కబుర్లు" అంటారేమో. శిశువుకు తనంతట తాను కుదుటపడటం రాదు. ఎత్తుకుని జో కొడితే కుదుటపడుతుంది, అంటే పెద్దవాళ్ల నిబ్బరాన్ని అప్పు తీసుకుంటుంది. అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే ఆయన 1970ల్లో ఒక ప్రయోగం చేశారు. తల్లి బిడ్డతో ఆడుతూ ఆడుతూ కొన్ని నిమిషాలు మొహంలో ఏ కదలికా లేకుండా ఉండిపోవాలి. బిడ్డ నవ్వుతుంది, కేకేస్తుంది, చేతులు చాస్తుంది, చివరికి మొహం తిప్పేసుకుని ఏడుస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలుసు. ఆయన చెప్పిన రెండో సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు. మంచి తల్లీబిడ్డలు కూడా ముఖాముఖి ఆటలో చాలాసేపు ఒకరికొకరు కుదరకుండానే ఉంటారు. తాళం తప్పుతుంది, మళ్లీ కలుపుకుంటారు. ఆ కలుపుకోవడంలోనే బిడ్డ నేర్చుకుంటుంది. కాబట్టి ఎప్పుడూ తప్పని తల్లి అవ్వాలన్న టెన్షన్ మీకు అక్కర్లేదు.

1996లో జాన్ గాట్‌మన్, లిన్ కాట్జ్, కరోల్ హూవెన్ అనే ముగ్గురు ఒక అధ్యయనం ప్రచురించారు. అయిదేళ్ల పిల్లలున్న 56 కుటుంబాలను చూశారు. పిల్లల కోపాన్నీ దుఃఖాన్నీ తల్లిదండ్రులు ఎలా తీసుకుంటారో వివరంగా అడిగారు, ఆ పిల్లలకు ఎనిమిదేళ్లు వచ్చాక మళ్లీ చూశారు. కోపం వచ్చినప్పుడు పక్కన నిలబడి, దానికి పేరుపెట్టి, హద్దు చెప్పిన ఇళ్ల పిల్లలు తోటివాళ్లతో మెరుగ్గా ఉన్నారు. ఇందులో నాకు నచ్చిన విచిత్రం ఒకటుంది. ఆ పిల్లలు స్నేహితుల దగ్గరికి వెళ్లి "నాకు బాధగా ఉంది" అంటూ మనసు విప్పి చెప్పుకునే రకం కాదు. ఎనిమిదేళ్ల వయసులో అలా మాట్లాడితే తోటిపిల్లలు నవ్వుతారు. వీళ్లు ఎవరైనా ఏడిపించినా చలించకుండా ఉండగలిగారు. ఇంట్లో ఉడుకు బయటపెట్టే వీలున్నవాడు బయట చల్లగా ఉన్నాడన్నమాట. చాలామంది తండ్రులు దీనికి తిరగేసి అనుకుంటారు, ఇంట్లో ఏడవనిస్తే బయట మెతకబడతాడని.

ఇప్పుడు భాష గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఇది నా ఇష్టమైన విషయం.

పిల్లల మనసుకు తెలుగులో ఉన్నన్ని మాటలు చూడండి. అలక వేరు, కోపం వేరు. అలకలో బతిమాలమన్న పిలుపు ఉంది. ఉక్రోషం అంటే కోపంతో పాటు చేతకానితనం. చిన్నబుచ్చుకోవడం అంటే నలుగురిలో తక్కువైపోయానన్న బాధ. బెంగ, దిగులు, బెరుకు, బిడియం, జంకు, రోషం, మారాం, పేచీ, ఇవి ఒక్కోటీ ఒక్కో స్థితి. మీరు రాసింది చూస్తే మీ అబ్బాయిది కోపమే అనిపిస్తుంది, కానీ పుట్టినరోజుకు పిలవనప్పుడు వాడు చిన్నబుచ్చుకుని ఉంటాడు. కోపానికి ఇచ్చే మందు దానికి పనిచేయదు.

ఇంత సంపద ఉండి మనం చేసేదేమిటి? వీటన్నిటినీ తిట్లుగా వాడతాం. "ఉడుకుమోతు", "అలకల బుచ్చి", "ఏడుపుగొట్టు", "పిరికి సన్నాసి". మాట ఉంది, పలికే తీరు చెడిపోయింది. "ఉడుకుమోతు" అంటే వాడికి తగిలించిన పేరు, "ఉడుకొచ్చింది" అంటే వాడికి వచ్చి పోయేది. ఈ ఒక్క తేడా ఇంటిల్లిపాదీ పాటిస్తే చాలు, మొదటి నెల ఇంకేం చెయ్యకపోయినా ఫరవాలేదంటాను. భావానికి పేరు పెడితే ఏమవుతుందన్న దాని మీద మాథ్యూ లీబర్మన్ బృందం 2007లో పెద్దవాళ్ల మెదడు స్కానింగులు చేసింది. కోపంగానో భయంగానో ఉన్న మొహాల ఫోటోలు చూపించి, ఆ భావానికి పేరు ఎంచుకోమన్నారు. అలా పేరు పెట్టినప్పుడు ప్రమాద ఘంట మోగించే అమిగ్డలా అనే భాగం కాస్త నెమ్మదించింది. పెద్దలతో చేసింది కాబట్టి పిల్లలకు అచ్చంగా అలాగేనని నేననను. కానీ నా గదిలో రోజూ కనబడేది దానికి దగ్గరగానే ఉంటుంది.

ఇంగ్లీషు పేరెంటింగ్ వీడియోలు చూసి వచ్చే తల్లులు కొందరు పిల్లాడి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని "నువ్వు కోపంగా ఉన్నావని నేను అర్థం చేసుకోగలను" అంటారు. డబ్బింగ్ సీరియల్ చూస్తున్నట్టుంటుంది నాకు. పిల్లాడు కూడా అమ్మకేమైందా అని బిత్తరపోయి చూస్తాడు. మీ అమ్మగారు మీతో ఎలా అనేవారో అలా అనండి. "అయ్యో, ఎంత కష్టమొచ్చింది నా తండ్రికి" అన్నా చాలు, అందులో వెటకారం లేకపోతే. అదీగాక మన ఇళ్లలో నలుగురి ముందూ భావాన్ని అణుచుకోవడం కూడా మర్యాదలో భాగమే. తాతగారి ముందు గొంతు తగ్గించమనడంలో తప్పులేదు. ఆ అణుచుకున్నది తర్వాత ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి దగ్గర విప్పుకునే చోటు ఉండాలి, అంతే నేననేది.

ఇక హద్దు. భావానికి అనుమతి ఉంది, చెయ్యి లేపడానికి లేదు. వాడు కొట్టబోతే మాటలు పెట్టుకోకండి, చెయ్యి పట్టుకోండి. గట్టిగా, కానీ నొప్పి పుట్టకుండా. "కొట్టనివ్వను" అని ఒక్క మాట అనండి. అప్పుడు లెక్చర్ ఇస్తే లాభం లేదు, వాడికి వినబడదు. అది రాత్రి పడుకునేటప్పటికి అట్టిపెట్టుకోండి, రెండే వాక్యాలు. విసిరేసిన గవ్వలు వాడే ఏరాలి. సాయం చేయండి, కానీ వాడికి బదులు మీరు ఏరెయ్యొద్దు.

అమెరికా మనస్తత్వవేత్త డయానా బామ్‌రిండ్ 1960ల నుంచి చెబుతూ వచ్చిందీ ఇదే: ఆప్యాయత, గట్టి హద్దులు, రెండూ ఒకే మనిషిలో ఉండాలి. మన ఇళ్లలో చిక్కేమిటంటే ఆ రెంటినీ ఇద్దరికి పంచేస్తాం. గారాబం అమ్మది, భయం నాన్నది. "ఉండు, నాన్న రానీ చెప్తా నీ పని!" ఈ మాటతో ఒకేసారి రెండు నష్టాలు. హద్దు పెట్టే శక్తి మీకు లేదని మీరే ఒప్పుకున్నట్టు, నాన్న ఇంటికి రావడం శిక్ష అయినట్టు. బూచాడు, పోలీసు, ఇంజెక్షన్ ఇచ్చే డాక్టరు కూడా ఈ జాబితాలోవాళ్లే. పాపం డాక్టర్లు.

మీవారు అరుస్తారన్నారు. ఆయన్ని తప్పుపట్టడం తేలిక, నేనూ అరిచినదాన్నే కాబట్టి నాకు ఆ హక్కు లేదు. మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు పొద్దున పూట స్కూలు వ్యాను హారన్ కొడుతోంది, దీనికి బూటు ఒకటి దొరకదు. "చెప్తే అర్థం కాదా నీకు? ఎన్నిసార్లు చెప్పాలి?" అని టిఫిన్ బాక్సు బల్ల మీద దబ్బున పెట్టాను. సాంబారు చిందింది. ఆ సాయంత్రం మేడ మీద అది తన నేస్తంతో తొక్కుడుబిళ్ల ఆడుతుంటే బట్టలు తీయడానికి వెళ్లాను. ఆ పిల్ల గీత తొక్కినట్టుంది. "చెప్తే అర్థం కాదా నీకు? ఎన్నిసార్లు చెప్పాలి?" అంది మా అమ్మాయి. నా గొంతే, నా విరుపే, చెయ్యి తిప్పడం కూడా నాదే. ఆ పిల్ల బిళ్ల కింద పడేసి ఇంటికి వెళ్లిపోయింది. పొద్దంతా ఊళ్లోవాళ్ల పిల్లలకు కోపం ఎలా తగ్గించుకోవాలో చెప్పి వచ్చిన మనిషిని నేను.

ఆ రాత్రి చెప్పాను: "పొద్దున అరిచాను. తప్పు నాదే. వ్యాను వెళ్లిపోతుందని కంగారు పడ్డాను. బూట్లు మాత్రం రాత్రే తలుపు దగ్గర పెట్టుకోవాలి." పిల్లలకు క్షమాపణ చెప్తే చులకనైపోతామని ఒక భయం ఉంది మనలో. నేను చూసినంతలో జరిగేది వేరు. గొడవయ్యాక మళ్లీ కలవడం ఎలాగో పిల్లలకు ఎక్కడా కనబడదు. మన గొడవలు హాల్లో జరుగుతాయి, రాజీలు పడగ్గదిలో జరుగుతాయి. మీరూ మీవారూ పోట్లాడుకున్నాక కాఫీ ఇచ్చి మాట కలిపే ఘట్టం కూడా వాడి కళ్ల ముందే జరగనివ్వండి. స్నేహితుడితో తగాదా పడి మర్నాడు వెళ్లి పలకరించాలంటే వాడికి నమూనా అదే.

మీవారితో మాట్లాడేటప్పుడు "మీరు అరవడం వల్లే వీడిలా తయారయ్యాడు" అనకండి. అలా అన్న ఇళ్లలో నాకు తర్వాత మనుషులిద్దరు వచ్చే బదులు ఒక్కరే వస్తారు. ఒక్క పని అప్పజెప్పండి. వాడు విసురు మీద ఉన్నప్పుడు ఆయన ఏమీ అనకుండా కింద కూర్చోవాలి, అంతే. నిలబడ్డ మనిషి గొంతు పెరిగినంత తేలిగ్గా కూర్చున్న మనిషి గొంతు పెరగదు. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు, చూసి తెలుసుకున్నది.

అత్తగారి ఫోను. ఇక్కడ గంటల లెక్క కంటే ఏ క్షణంలో ఇస్తున్నారన్నదే నాకు ముఖ్యం. తీరిగ్గా ఆదివారం అరగంట కార్టూన్ చూస్తే నేను పట్టించుకోను. ఏడుపు మొదలైన క్షణంలో ఇచ్చే ఫోను వేరు. ఏడుపు ఆగుతుంది, కానీ ఆపింది ఫోను. సెల్లార్‌లో ఓడిపోయినప్పుడు జేబులో ఫోను ఉండదు కదా, అప్పుడేం చేస్తాడు? పైగా ఏడిస్తే ఫోను వస్తుందన్న లెక్క ఆరేళ్లవాడికి మనకంటే ముందే అర్థమవుతుంది. అయితే ఆవిణ్ని నిందించి ప్రయోజనం లేదు. మనవడి ఏడుపు చూడలేక ఇస్తున్నారు, మోకాళ్ల నొప్పులతో వాడి వెంట పరుగెత్తలేక ఇస్తున్నారు. ఫోను లాక్కుంటే ఆవిడ చేతిలో ఇంకేం మిగులుతుంది? ఆవిడకు వచ్చిన విద్య ఆవిడకు తిరిగి ఇవ్వండి. వామనగుంటలు తెచ్చిపెట్టండి. "అత్తయ్యా, వాడు ఏడుస్తుంటే ఏమీ అడక్కుండా ఒళ్లో పెట్టుకుని వీపు నిమరండి, మీ దగ్గరైతే తొందరగా తేరుకుంటాడు" అని చెప్పండి. నిజంగానే తేరుకుంటాడు. నానమ్మ ఒడికి సాటి వచ్చే థెరపీ నా దగ్గర లేదు.

ఆటలో ఓడించే పనీ ఆవిడకే ఇవ్వండి. మనం ప్రేమకొద్దీ ఇంట్లో పిల్లల్ని ప్రతిసారీ గెలిపిస్తాం. బయట ఎవరూ అలా గెలిపించరు, అక్కడ మొదటిసారి ఓటమి నలుగురి ముందు ఎదురవుతుంది. మొదట్లో ఐదు ఆటల్లో ఒకటి ఓడనివ్వండి, తర్వాత రెండు. ఓడినప్పుడు పెద్దవాళ్లు ఎలా ఉంటారో వాడు వినేలా పైకి అనండి: "ఛ, గెలిచేదాన్నే! ఉడుకొస్తోంది నాకు. సరే, ఇంకో ఆట." స్టాచ్యూ ఆట, నేలా బండా, దాగుడుమూతల్లో అంకెలు పూర్తయ్యేదాకా కళ్లు తెరవకపోవడం, ఇవన్నీ కదలాలనిపించినా ఆగడం నేర్పే ఆటలే. పంటలేసుకుని దొంగ అయినవాడు ఏడవకుండా దొంగగా ఉండటం అన్నిటికంటే కష్టమైన పాఠం. దీన్ని మన వీధులు ఒకప్పుడు ఉచితంగా నేర్పాయి, ఇప్పుడు మీరు క్లాసుకు ఫీజు కట్టాలనుకుంటున్నారు.

ఒక్క మాట, తల్లిగా మీకు. ఇదంతా చదివి "అయితే తప్పంతా నాదే" అనుకుంటారేమో, కాదు. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే భార్యాభర్తలు 1956లో మొదలుపెట్టి పసితనం నుంచి పెద్దయ్యేదాకా పిల్లల్ని గమనించారు. కొందరు పుట్టుకతోనే దేనికైనా గట్టిగా స్పందిస్తారు, కొందరు కొత్తవాటికి నెమ్మదిగా అలవాటు పడతారు. వాళ్లు చెప్పిన ముఖ్యమైన మాట: పిల్లాడి స్వభావానికీ పెంపకానికీ పొత్తు కుదరాలి. మీవాడు వేడి రకం. అదే వేడితో వాడు రేపు ఏదో ఒక పనిని పట్టి వదలకుండా చేస్తాడు కూడా. మీ ఆడపడుచు కొడుకు ఎంత నెమ్మదో చూడమని ఎవరైనా అంటే ఆ పోలికను చెవిన పెట్టకండి.

ఇక సెల్లార్ సంగతి. పిల్లల గుంపులో ఒకసారి పేరుపడితే అది వెంటనే పోదు. వాడు మారినా వాళ్లు పాత కళ్లతోనే చూస్తారు. అందుకని గుంపులోకి మళ్లీ తోయకండి, కిటికీలోంచి "అందరూ వీణ్ని కూడా ఆడించండమ్మా" అని అరవకండి. వాడి పరువు అక్కడితో పూర్తిగా పోతుంది. ఒక్కణ్ని పట్టండి. గుంపులో కాస్త నెమ్మదస్తుడు, వీడితో ఒక్కసారైనా నవ్విన పిల్లాడు ఒకడుంటాడు. వాణ్ని ఇంటికి పిలవండి.

గుంపులో కలవడానికి ఒక ఒడుపుంది. మార్తా పుటలాజ్, గాట్‌మన్ కలిసి 1981లో ప్రచురించిన పరిశోధన దీని మీదే. ఆటలో చేరే పిల్లలు కాసేపు చూసి, ఆ ఆటకు సంబంధించిన మాటో పనో అందుకుంటారు. చేరలేనివాళ్లు ఆట ఆపించి తమ గురించి చెప్తారు, లేదా రూలు తప్పంటూ మొదలెడతారు. మీవాడికి ఇలా చెప్పండి: "ముందు పక్కన నిలబడి ఏం ఆడుతున్నారో చూడు. బంతి నీవైపు వస్తే అందించు. తర్వాత అడుగు." అయినా ఒక్కోసారి వద్దంటారు. అందరూ ఇష్టపడే పిల్లల్ని కూడా అప్పుడప్పుడు వద్దంటారు, ఆ సంగతి వాడికి తెలియాలి. మన ఆటల్లో ఇంకో దారి కూడా ఉంది, ఆటలో అరటిపండు. చిన్నవాణ్ని ఆటలో ఉంచుతారు, అవుట్ లెక్కపెట్టరు. కొన్నాళ్లు స్కోరు రాసే పని, అంపైర్ పని వాడికి దొరికితే మంచిది. ఆరేళ్లవాడికి అంపైర్ అంటే అరటిపండని తెలియదులెండి.

నా దగ్గరికో ఇంకెవరి దగ్గరికో ఎప్పుడు తీసుకురావాలి? ఇంట్లో ఇవన్నీ మూడు నెలలు చేసినా తగ్గకపోతే, ఇంట్లోనూ స్కూల్లోనూ రోజూ ఎవరినో ఒకరిని గాయపరుస్తుంటే, తనను తాను కొట్టుకుంటుంటే. మాటలు వయసుకు తగ్గట్టు రాకపోయినా, కళ్లలోకి చూడకపోయినా, ఉత్తుత్తి వంటలూ ఉత్తుత్తి దుకాణాలూ లాంటి ఆటలు ఎప్పుడూ ఆడకపోయినా మూడు నెలలు ఆగకండి, వెంటనే చూపించండి. ఎదుగుదలలో తేడాలుంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ నీపిడ్ ఉంది. జిల్లాల్లో ప్రభుత్వం తరఫున డీఈఐసీ అనే సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. మీకే మనసు బాగా అలసిపోయిందనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మధ్యలో నలిగిపోతున్నానని రాశారు కాబట్టి ఇది చెప్తున్నాను.

ఈ ఆదివారం ఆ ఒక్క పిల్లాణ్ని పిలవండి. సాయంత్రం ఐదింటికి, టిఫిన్ పెట్టాక, నలభై నిమిషాలు చాలు. ఇద్దరూ ఇంకా ఆడతామంటున్నప్పుడే ఆపేయండి, గొడవయ్యేదాకా లాగకండి. గెలుపోటములున్న ఆట మొదటిసారే వద్దు, ఇద్దరూ కలిసి కట్టేదో వండేదో పెట్టండి. చపాతీ పిండి ముద్ద ఇచ్చినా చాలు. మీరు అదే గదిలో కూరగాయలు తరుగుతూ ఉండండి, తలెత్తొద్దు. ఆ పిల్లాడు రాకముందు మీవాణ్ని అడగండి, "నీ బొమ్మల్లో ఏది ఎవరూ ముట్టుకోకూడదు?" అని. బహుశా రిమోట్ కారు అంటాడు. దాన్ని వాడిచేతే బీరువాలో పెట్టించి తాళం వేయండి.